వంతెన వేసే ముందు ఒక్క ప్రశ్న

పోయిన సెమిస్టర్ ప్రాజెక్టు డెమో ముందు రోజు రాత్రి మా బ్యాచ్‌లో చిన్నపాటి యుద్ధమే జరిగింది. ల్యాబ్ సిస్టమ్‌లో డాకర్ ఎక్కించిన దగ్గర్నుంచి కాలేజీ డేటాబేస్ సర్వర్ అందడం మానేసింది. "నీ కోడ్ వల్లే" అంటూ ముగ్గురం కలిసి నాలుగోవాడి మీద పడ్డాం. పాపం, వాడు తెల్లవార్లూ కూర్చుని కోడ్ తిరగరాశాడు.

పొద్దున రూటింగ్ టేబుల్ చూస్తే దొంగ దొరికాడు. కంటైనర్లను కలపడానికి డాకర్ తనంతట తానే ఒక బ్రిడ్జి, అంటే ఒక సాఫ్ట్‌వేర్ స్విచ్, పెట్టుకుంటుంది. దానికి మామూలుగా 172.17.0.0/16 అడ్రసులు తీసుకుంటుంది. మా సర్వర్ అడ్రసూ ఆ వరసలోదే! సర్వర్‌కి పోవాల్సిన ప్యాకెట్లన్నీ లోపలి బ్రిడ్జికే పోతున్నాయి. బ్రిడ్జికి వేరే వరస ఇచ్చాం, రెండు నిమిషాల్లో పనైపోయింది. వాడికి సారీ చెప్పడానికి మాత్రం వారం పట్టింది.

అందుకే అంటున్నా, బ్రిడ్జి అనేది సీనియర్ రికార్డులోంచి ఎక్కించుకునే కమాండ్ కాదు. ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ కంటైనర్‌ని ఎవరు చేరాలి?

మన ల్యాప్‌టాప్ వరకే అయితే నాట్ బ్రిడ్జి చాలు. అది అపార్ట్‌మెంట్ లాంటిది. లోపల ఎన్ని ఫ్లాట్లున్నా బయటికి ఒకటే గేటు, ఒకటే అడ్రసు. కాకపోతే డీఫాల్ట్‌ది వదిలేసి సొంతంగా ఒకటి క్రియేట్ చేసుకోండి. అందులో కంటైనర్లు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకుంటాయి, ఐపీలు గుర్తుపెట్టుకునే బాధ ఉండదు.

కంటైనర్ ల్యాబ్‌లో మరో సిస్టమ్‌లా కనిపించాలా? అప్పుడు ఈథర్నెట్ కార్డునే బ్రిడ్జిలో కలపాలి. ఇది వీధిలోకి తలుపున్న సొంతిల్లు. హాస్టల్ వైఫైలో మాత్రం కుదరదు. యాక్సెస్ పాయింట్ తనతో కనెక్టయిన మ్యాక్ అడ్రసునే మామూలుగా ఒప్పుకుంటుంది. ల్యాబ్ స్విచ్‌లో మ్యాక్‌లకు పరిమితి పెట్టి ఉంటే పోర్టే మూతపడొచ్చు. అడ్మిన్ సార్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు.

"రెండు రోజుల డెమోకి ఇంత ఆలోచనా బ్రో?" అంటారు. పాస్‌వర్డ్ లేని డేటాబేస్ పోర్టుని పబ్లిష్ చేసి చూడండి. అడ్రసు చెప్పకపోతే అది అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా తెరుచుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూలో మూశాం కదా అనుకుంటాం, డాకర్ రూల్స్ దాన్ని దాటేస్తాయి. పక్క బెంచీవాడు మన టేబుల్స్ హాయిగా చదువుకోవచ్చు. 127.0.0.1కి కట్టేస్తే ఆ గొడవే లేదు.

ఈసారి నెట్ పోతే ముందు 'ఐపీ రూట్' కొట్టి చూడండి. ఫ్రెండ్‌ని తిట్టడం ఆ తర్వాత.