గొళ్లెం పెట్టిన కోడలిది తప్పా?

మన వాడలో ఒక పెద్దమ్మ. నలభై ఏళ్లు నాట్లేసిన మనిషి. ఇప్పుడు తిన్న కాసేపటికే "నాకు కూడు పెట్టలేదు" అని వీధిలో ఏడుస్తుంది. అర్ధరాత్రి లేచి చేనుకు పోతానంటుంది. ఊరంతా కోడల్నే ఆడిపోసుకుంటుంది. కోడలు కూలికి పోతే ముసలామెను చూసే దిక్కు లేదు, పోకపోతే పొయ్యి వెలగదు. చివరికి తలుపుకు గొళ్లెం పెట్టి పోతోంది. తప్పు కోడలిదా?

ఇది చాదస్తం కాదు, గాలి సోకడం కాదు. మెదడుకొచ్చే జబ్బు, డిమెన్షియా. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో అచ్చయిన అధ్యయనం అంచనా వేసింది. పట్నాల్లో కన్నా పల్లెల్లో, మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో, చదువుకున్నోళ్లలో కన్నా చదువులేనోళ్లలో ఎక్కువట. మన అమ్మల్ని బడి గడప తొక్కనియ్యనిదెవరు? ఆ బాకీ ముసలితనంలో కూడా వాళ్లే తీర్చాలా?

దీన్ని నయం చేసే మందు ఇంకా లేదు. చూసుకునే మనిషే సగం మందు. ఆ మనిషికి నేర్పేదెవరు? ఆస్పత్రికి తీసుకుపోతే నిద్రబిళ్ల రాసి పంపిస్తారు. "ఈరోజు తేదీ ఎంత? ఇది చదువు" అంటే పలక పట్టని మనిషి ఏం చెబుతుంది? కూలి డబ్బులు లెక్కపెట్టుకుంటోందా, కూరలో ఉప్పు మరుస్తోందా, ఇంటి దారి తప్పుతోందా అని ఇంట్లోవాళ్లని అడగాలి. ఇలా అడగడం డాక్టర్లకీ నర్సమ్మలకీ ముందు నేర్పాలి.

సాధ్యమేనా అంటారా? గోవాలో ఇంటర్ దాకా చదివిన స్థానికులకు వారం రోజులు శిక్షణ ఇచ్చి, డాక్టరు అండతో ఇళ్లకు పంపారు. 81 కుటుంబాలతో చేసిన ఆ ప్రయోగం 2008లో అచ్చయింది. చూసుకునేవాళ్ల మనోవేదన తగ్గింది. వాదించకుండా గుప్పెడు మరమరాలు చేతిలో పెట్టి మాట మార్చడం, రోజూ ఒకే వేళకి స్నానం, అన్నం, "నువ్వు నిద్రపోయావా తల్లీ" అని కోడల్ని అడగడం - ఇవి నేర్చుకోలేని బ్రహ్మవిద్యలా?

మేమడిగేది ఇదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకీ, ఏఎన్ఎంకీ, ఆశా అక్కకీ ఈ శిక్షణ ఇవ్వాలి. ఆశాల మీద ఉత్త చాకిరీగా మోపకుండా పైకం ఇవ్వాలి. మన వాడ ఆడపిల్లల్నీ ఈ పనిలోకి తీసుకోవాలి. వచ్చినోళ్లు వీధి చివర నిలబడి కాదు, మన ఇంట్లో చాప మీద కూర్చుని నేర్పాలి.

మన సంఘం మగవాళ్లకూ ఒక మాట. కన్నతల్లికి నీళ్లు పోయడం కోడలి పనేనా? మీటింగులకి ఆడవాళ్లు రావడం లేదంటారు గదా, ఎందుకు రావడం లేదో ఇంటికి పోయి చూడండి.

జై భీమ్!