గుండ్లకమ్మ వెంట పక్షుల లెక్క తీయాలి

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల రైతులకు, పంచాయతీ పెద్దలకు విన్నపం.

గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, కంకణాలు ఇప్పటికీ తుమ్మచెట్ల మీద గూళ్లు కడుతున్నాయంటే అది ఆ ఊరివాళ్ల చలవే. అయితే గూళ్లలోని పిల్లలకు ఆ చెరువు మేత చాలదు. పెద్ద పక్షులు చుట్టుపక్కల మాగాణుల్లో, కాలువల్లో, కుంటల్లో వెతికి తెచ్చి పెట్టాలి. గూడును కాపాడాం గానీ మేత దారిని పట్టించుకోలేదు. ఏ కుంట పూడిపోతే ఏ కొంగ ఎటు పోతుందో చెప్పే పటం ఏ పంచాయతీలో ఉంది?

మెట్ట సంగతి వేరు. గూడబాతు కోసుల దూరం ఎగరగలదు. జెముడుకాకి పొద నుంచి పొదకు మాత్రమే సాగుతుంది. కౌజులూ పూరేళ్లూ ఎక్కువగా నేల మీద తిరిగేవి. దొంకల పక్క పొదలు దున్నేసి, గట్ల మీది తుమ్మలు నరికేసి, నల్లరేగడంతా ఒకే మిరపచేను చేస్తే వీటికి దారి తెగిపోతుంది, ఏట్రింతకు వాలే కొమ్మ దొరకదు. శనగపచ్చ పురుగుకూ పొగాకు లద్దెపురుగుకూ పొలంలో పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయ శాఖే చెబుతోంది. కర్ర పాతినంత మాత్రాన పిట్ట రాదు, దగ్గర్లో చెట్టూ పొదా ఉండాలి. 2021-22లో మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగును పిట్టలు ఆపలేవు, పత్తికాయలో దాక్కున్న గులాబీ పురుగునూ తీయలేవు. కానీ 1987-88లో పత్తిని తెల్లదోమ ముంచినప్పటి నుంచీ మందు మీద మందు కొట్టి అప్పులపాలైన మనం, ఆకు మీది పురుగును ఊరికే ఏరిపెట్టే సాయాన్ని కాలదన్నుకోకూడదు.

ఆ సాయం ఎక్కడ మిగిలిందో తెలియాలంటే ముందు లెక్క కావాలి. కేరళలో 2015 నుంచి 2020 దాకా వెయ్యి మందికి పైగా స్వచ్ఛందంగా కదిలి, రాష్ట్రాన్ని గళ్లుగా విడగొట్టి, ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ పక్షులను లెక్కించారు. మనం గుండ్లకమ్మతో మొదలుపెడదాం. నల్లమలలో పుట్టి, కంభం చెరువులో నిండి, అద్దంకి పక్కగా సముద్రానికి చేరే ఈ ఏరు అడవికీ తీరానికీ నడుమ సహజంగా ఏర్పడ్డ దారి. దాని రెండు ఒడ్లూ, అక్కడి నుంచి ఉప్పలపాడు దాకా ఉన్న చెరువులూ వాగులూ గళ్లుగా గీయాలి. ఆగస్టులో ఒకసారి, వలస పక్షులుండే జనవరిలో ఒకసారి లెక్క తీయాలి. ఏ పిట్ట ఏ గడిలో ఆగిపోయిందో తేలితే, ఎక్కడ పొద పెంచాలో, ఏ కుంట బాగుచేయాలో తెలుస్తుంది.

ఈ భారం కౌలు రైతు మీద వేయొద్దు. గట్టు మీది చెట్టుపై అతనికి హక్కే లేదు. కాలువ గట్లు, దొంకలు, పోరంబోకులతోనే పని మొదలవ్వాలి. 2022లో జిల్లాలు విడిపోయాయి గనుక నాలుగు జిల్లాల అటవీ, వ్యవసాయ, జలవనరుల శాఖలు ఒకచోట కూర్చోవాలి. పూడికతీతకైనా రోడ్డు వెడల్పుకైనా అనుమతి ఇచ్చేముందు ఈ లెక్కతో గీసిన పటం చూడాలి.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. వచ్చే గ్రామసభలో ఆ రిజిస్టరు తెప్పించి, పక్షుల పేజీ తెరిపించి, లెక్కకు ముందుకొచ్చేవాళ్ల పేర్లు అక్కడే రాయించండి.