‘ఇరేజ్ డిస్క్’ నొక్కే ముందు ఆగండి



ఈ మధ్య గ్రూపులో లినక్స్ గురించి అడిగే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువైన్రు. ఎందుకో తెలిసిందే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలె, టీపీఎం 2.0 ఉండాలె. మన హాస్టళ్లల్ల ఉన్నయి చాలావరకు ఆఫీసుల్లో వాడి వదిలేసిన సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లే. నాది ఆరో జనరేషన్, 4 జీబీ ర్యామ్. కాబట్టి మింట్ వేసుకోవడం తెలివైన పనే. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్ల నుంచి లినక్స్ మీదనే నేర్చుకుంటున్నరు, మనకేం కష్టం కాదు.

నా గొడవ అంతా సీనియర్ అన్నలు ఇచ్చే ఒక సలహా మీదనే. “పార్టిషన్ల జోలికి పోకు, ఇరేజ్ డిస్క్ పెట్టెయ్, పది నిమిషాల్లో అయిపోతది” అంటరు. నాకూ పోయిన ఏడాది ఒకన్న అట్లనే చేసిపెట్టిండు. ఆయన మంచికే చేసిండు, నేనూ పక్కనే కూర్చొని సరే అన్న. డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. కులం, ఆదాయం సర్టిఫికెట్ల స్కాన్‌లు పోతే మళ్లీ మీసేవకు తిరిగి తెచ్చుకున్న. కానీ తీజ్ అప్పుడు మా దాది పాడిన పాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి, ఫోన్ నిండిందని లాప్‌టాప్‌లోకి మార్చి పెట్టిన. అవి పోయినయి. దాది ఇప్పుడు లేదు. మన గోర్ బోలికి సొంత లిపి లేదు, ఆ పాటలు ఏ పుస్తకంలో వెతకాలె? చెంచు పెంటల నుంచి వచ్చిన తమ్ముళ్లకూ ఇదే మాట. మన ఇళ్లల్ల లాప్‌టాప్ ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాది బీరువా. పట్టా కాగితాల ఫోటోలు సుత అందులోనే ఉంటయి.

అందుకే నేననేది, ముందు కాగితం మీద గీసుకోండి. చేనుకు గట్టు వేసినట్టే ఇది, ఎక్కడ వేయాలో ముందే అనుకోవాలె.

256 జీబీ అని కొన్న ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 238 అనే చూపిస్తది. దుకాణపాయన మోసం చేయలేదు, లెక్కపెట్టే పద్ధతి వేరు, అంతే. కాలేజీ సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ కూడా ఉంచాలంటే దానికి 100, లినక్స్‌కు 40, మిగిలిన 97 దాకా డేటాకు వేరే డ్రైవ్. ఆ డేటా డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే రెండు వైపుల నుంచీ తెరుచుకుంటది. విండోస్ వద్దనుకుంటే ఇంకా సులువు. రూట్‌కు 40, మిగిలిందంతా హోమ్‌కు, రెండూ ఈఎక్స్‌టీ4. స్వాప్‌కు వేరే పార్టిషన్ అక్కర్లేదు, మింట్ రూట్‌లోనే ఫైల్‌గా చేసుకుంటది.

రూట్‌కు 20 చాలని కొందరంటరు. ఇన్‌స్టాల్ అయితే అయితది. కానీ ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు, టైమ్‌షిఫ్ట్ కాపీలు, పాత కెర్నల్‌లు అన్నీ వచ్చి అందులోనే కూర్చుంటయి, కొన్నాళ్లకు అప్‌డేట్ కూడా దిగదు. నా లెక్కల 40కి తగ్గొద్దు.

హోమ్ వేరుగా ఉంటే లాభమేందంటే, రేపు మింట్ చెడిపోయినా, కొత్త వెర్షన్ వేసినా రూట్ ఒక్కటే ఫార్మాట్ చేస్తం. హోమ్‌ను ఎంచుకొని దాని పక్కన ఫార్మాట్ టిక్ తీసేసి, పాత యూజర్ పేరే పెడితే ఫైళ్లు ఎక్కడివక్కడ ఉంటయి. ఆ ఒక్క టిక్ దగ్గరే జాగ్రత్త. ఈఎఫ్‌ఐ అని కనిపించే చిన్న పార్టిషన్‌ను కూడా ఫార్మాట్ చేయొద్దు, విండోస్ లేచేది దాన్నుంచే.

విండోస్ ఉంచేవాళ్లు ముందు చేయాల్సిన పనులున్నయి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, లేకుంటే తర్వాత అది అడిగినప్పుడు మన ఫైళ్లకు మనమే బయటోళ్లం అయితం. ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి, అది ఉంటే లినక్స్‌లో డేటా డ్రైవ్ చదవడానికే తెరుచుకుంటది, రాయనియ్యదు. సీ డ్రైవ్‌ను విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే తగ్గించండి. తర్వాత మింట్ ఇన్‌స్టాలర్‌లో ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఎంచుకోవాలె.

సీనియర్ల మాటలో నిజం లేదని కాదు. గట్టు వేస్తే ఒక మడి నిండి పొర్లుతుంటే పక్క మడి ఎండుతది, అది నిజమే. 128 జీబీ డిస్క్‌లో విండోస్ కూడా లేకుంటే నేనైనా ఒక్కటే పార్టిషన్ పెడుత. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలె, డిస్కే కాలిపోతే ఎన్ని గట్లు వేసినా లాభం లేదు. పార్టిషన్ బ్యాకప్ కాదు. సర్టిఫికెట్లు డిజిలాకర్‌లో పెట్టండి, పాటలు, ఫోటోలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంటి దగ్గర యాడికి ఇచ్చి రండి. కానీ బ్యాకప్ ఉంటే చాలు కదా అనేవాళ్లకు నా ప్రశ్న: మనలో ఎంతమంది దగ్గర బ్యాకప్ ఉంది? నా దగ్గర లేకుండె.

అన్నలారా, మీరు మాకు ఇన్‌స్టాల్ చేసిపెడుతున్నరు, పైసా అడుగుతలేరు, దానికి దండం. కానీ మొదటిసారి లాప్‌టాప్ ముట్టినోనికి ‘ఇరేజ్’ అంటే విండోస్ పోతది అనే అర్థమైతది, అమ్మమ్మ గొంతు పోతదని అర్థం కాదు. ఆ బటన్ నొక్కే ముందు “ఇందులో ఏముంది?” అని అడగండి. పది నిమిషాల పని అరగంట అయితది, కానీయండి.

అచ్చంపేట, వనపర్తి, గద్వాల హాస్టళ్లల్ల ఈ వారం మింట్ వేసుకునేవాళ్లు ‘ఇన్‌స్టాల్ నౌ’ నొక్కే ముందు ఆ పార్టిషన్ల స్క్రీన్‌ను ఫోటో తీసి నాకు పంపండి. రాత్రి పదకొండు దాకా మేల్కొనే ఉంట.