దఖలు ఎవరికి?

ఇంగ్లీషు క్రియ నేర్చుకోవడమంటే నిఘంటువులో అర్థం చూసి, నాలుగు సొంతవాక్యాలు రాయడమేనని మన వాచకాలు నేర్పుతున్నవి. ఈ పద్ధతితో నాకు పేచీ వున్నది. కొన్ని క్రియల అర్థం సగమే నిఘంటువులో దొరుకుతుంది. మిగతా సగం తాసీలు కచ్చేరీలో, సర్వేయరు గొలుసు కింద దొరుకుతుంది. అటువంటి క్రియ నొకదాన్ని తీసుకుందాము. 2016 అక్టోబరు దాకా వరంగల్లు జిల్లాలో వుండి, ఆ పైన వేరువేరు జిల్లాలకు కేంద్రాలైన జనగామ, భూపాలపల్లి, మహబూబాబాదు ప్రాంతాలలో అది ఏ పని చేసిందో చూద్దాము.

ఆ క్రియ 'వెస్ట్'. పడమర దిక్కును చెప్పే వెస్ట్ కాదు. బనీనుకు చెప్పే వెస్ట్‌కు తోబుట్టువు. రెండూ బట్ట అనే అర్థం గల లాటిన్ మాటనుంచి వచ్చినవి. బట్ట తొడిగినట్టు ఒకరికి హక్కునో అధికారాన్నో తొడగడం దీని అర్థం. ముందు 'డై' చేర్చి 'డైవెస్ట్' అంటే తొడిగినదాన్ని ఒలుచుకోవడం. మన పత్రికలు ఏళ్ల తరబడి 'స్వార్థపరశక్తులు' అని రాస్తున్నది 'వెస్టెడ్ ఇంటరెస్టు'లనే. అంటే హక్కును తొడుక్కుని కూర్చున్నవారి ప్రయోజనాలనే.

వాడుకలో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, దీని తరువాత 'టు' రాదు, 'ఇన్' వస్తుంది. హక్కు ఫలానావారి వద్దకు పోవడం కాదు, ఫలానావారిలో నిలవడం. రెండు, ఇది సకర్మకంగానూ నడుస్తుంది, అకర్మకంగానూ నడుస్తుంది. 'ప్రభుత్వం రైతుకు హక్కు కట్టబెట్టింది' అన్నప్పుడు చేసినవాడు కనిపిస్తాడు. 'భూమి ప్రభుత్వానికి దఖలుపడును' అన్నప్పుడు ఎవడూ కనిపించడు. భూమే కాళ్లొచ్చి నడిచి వెళ్లినట్టుంటుంది. వ్యాకరణం ఇంతవరకే చెప్పగలదు.

ఇక జనగామ సంగతి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు నేలకొరిగాడు. ఆనాటి జనగామ తాలూకాలోనే పాలకుర్తి ఐలమ్మ తాను కౌలుకు చేసిన పొలంలోని పంటను విసునూరు దేశముఖుపాలు కానీయక, సంఘం అండతో ఇంటికి చేర్చుకున్నది. ఆ పోరాటపు వేడి చల్లారకముందే, 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. తరువాత దానిలో చేర్చిన 38-ఇ సెక్షను, రక్షిత కౌలుదారుల చేతిలోని భూముల యాజమాన్యం, చట్టం పెట్టిన షరతులకు లోబడి, వారిలోనే 'వెస్ట్' అవుతుందన్నది. ఎప్పటినుంచి? ప్రభుత్వం ప్రకటించిన తేదీనుంచి. తెలంగాణలో అత్యధిక భాగానికి ఆ తేదీ 1973 జనవరి 1!

ఈలోగా ఏం జరిగింది? ఎ. ఎం. ఖుస్రో 1958లో వెలువరించిన పరిశోధన చూడండి. 1951లో రక్షిత కౌలుదారులైనవారిలో సగంకంటె తక్కువమందే మూడు నాలుగేళ్లకు ఆ హోదాలో మిగిలారు. కొందరు భూమి కొనుక్కున్నారు. అంతకుమించినవారు బేదఖలైనారు, లేదా 'స్వచ్ఛందంగా' వదులుకున్నారు. గడీముందు చేతులు కట్టుకుని నిలబడినవాడి స్వచ్ఛందం ఎంతటిదో జనగామ వారికి వేరే చెప్పనక్కరలేదు. క్రియ వచ్చేసరికి కౌలుదారు పొలంలో లేడు.

భూపాలపల్లి సింగరేణి గనులూ, చెల్పూరు విద్యుత్కేంద్రమూ వున్న గడ్డ. భూములు పోవడమంటే ఏమిటో అక్కడివారికి తెలుసును. ఈ దేశంలో 2013 చట్టం వచ్చేదాకా గనికైనా కాలువకైనా భూమిని తీసుకోవడానికి ప్రధానమైన ఆధారం 1894 నాటి భూసేకరణ చట్టం. కలెక్టరు అవార్డు ప్రకటించి స్వాధీనం చేసుకున్నంతనే భూమి సంపూర్ణంగా, సకల భారాలనుంచి విముక్తమై ప్రభుత్వంలో 'వెస్ట్' అవుతుందని దాని 16వ సెక్షను. 1957 నాటి బొగ్గు ప్రాంతాల సేకరణ చట్టం 10వ సెక్షనుదీ ఇదే పలుకుబడి; అక్కడ గెజిటులో ప్రకటన పడితేనే చాలు. ఏమిటా భారాలు? తనఖా, కౌలు, బాటహక్కు. చట్టం భారమన్న వాటిలో కౌలూ బాటా పేదవాడికి బతుకు. ప్రభుత్వంలో 'వెస్ట్' కావడానికి క్షణం చాలిన క్రియకు, కౌలుదారులో 'వెస్ట్' కావడానికి చట్టం పుట్టిన తరువాత ఇరవైరెండేళ్లు పైగా కావలసి వచ్చింది!

గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం అడవులున్న మహబూబాబాదు వైపు వెళ్దాము. కోయలూ లంబాడీలూ పోడు చేసుకునే నేల అది. 2006 అటవీహక్కుల చట్టం 4వ సెక్షనులో కేంద్రప్రభుత్వం అడవిబిడ్డల హక్కులను 'ఇందుమూలంగా' గుర్తిస్తున్నది, వారిలో 'వెస్ట్' చేస్తున్నది. సకర్మకం, వర్తమానకాలం, కర్త ఎదురుగా వున్నాడు. క్రియకు ఇంతకంటె నిండైన వాక్యం దొరకదు. కాని 2005 డిసెంబరు 13కు ముందునుంచే నేల చేతిలో వుండాలి. గ్రామసభ, డివిజను కమిటీ, జిల్లా కమిటీ దాటాలి. కుటుంబానికి 4 హెక్టార్లు మించరాదు. ఆదివాసేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ వున్నట్టు రుజువు చూపాలి. 2019 ఫిబ్రవరి 13న దరఖాస్తులు తిరస్కరించబడినవారిని ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశించి, అదే నెల 28న ఆ ఆదేశాన్ని తానే నిలిపివేసింది. తెలంగాణలో 2023 జూన్ 30న మొదలైన పంపిణీలో సుమారు 4 లక్షల ఎకరాలకు సుమారు లక్షన్నర మందికి పట్టాలిచ్చారు. ఆ కుటుంబాలకు 'ఇందుమూలంగా' అన్న ఒక్క మాట పదహారేళ్లు దాటి నడిచింది.

విచారణ లేకుండా అడవిని పంచిపెట్టమంటారా అని అడిగేవారున్నారు. నేను అట్లా అనడం లేదు. విచారణ ముగిసేదాకా సాగులో వున్నవారిని కదిలించరాదని ఆ చట్టమే చెప్పుతున్నది. పేదవాడి విషయంలో విచారణ ముందు, హక్కు తరువాత. ప్రభుత్వం విషయంలో హక్కు ముందు, నష్టపరిహారం తగాదా తరువాత ఏళ్ల తరబడి. ఈ క్రమమేమిటన్నదే నా ప్రశ్న. ఒకే క్రియ, 'ఇన్' తరువాత ఎవరు నిలబడితే ఆ అర్థం ఇస్తున్నది. అది తెలియకుండా ఆ క్రియ నేర్చామనుకోవడం భ్రమ.

తెలుగు వుండగా ఈ గొడవ మనకెందుకని కొందరు భాషాభిమానులు అంటారు. తెలుగును 1966లోనే అధికారభాషగా చేసుకున్నాము. అయినా, పార్లమెంటు మరొకటి చెప్పేదాకా హైకోర్టు వ్యవహారానికీ, చట్టాల ప్రామాణిక పాఠానికీ రాజ్యాంగం 348వ అధికరణం ఇంగ్లీషునే నిలిపివుంచింది. రైతు పొలం ఇంగ్లీషులో పోతున్నప్పుడు, రైతు కొడుకు ఆ ఇంగ్లీషు నేర్చుకోకపోవడం అభిమానం కాదు, నిస్సహాయత.

అనువాదం చేసే పండితులు 'వెస్ట్'కు 'నిహితమగు' అంటున్నారు. ఎవరికోసం ఈ మాట? కొత్తగూడ గ్రామసభలో దాన్ని చదివితే చదివినవాడికీ తెలియదు, విన్నవాడికీ తెలియదు. దఖలు, బేదఖలు అన్నవి మన రైతు కచ్చేరీ మెట్లమీద నేర్చుకున్న మాటలు. ఇక 'కట్టబెట్టు' వున్నది. బట్ట కట్టించిన పోలికే అందులోనూ వున్నది; పైగా అనర్హుడికి ధారపోశారని ఎత్తిపొడవడానికీ జనం దాన్నే వాడుతున్నారు. ఇంత సజీవమైన మాటను తోసివేసి సంస్కృతాన్ని తెచ్చిపెట్టడం పాండిత్యం కావచ్చును గాని ప్రజలకు ఉపకారం కాదు.

గనుక ఈ మూడు పట్టణాల కళాశాలల్లో ఈ క్రియను 38-ఇతో, 16వ సెక్షనుతో, అటవీహక్కుల చట్టంతో కలిపి పాఠం చెప్పాలి. ఆ సెక్షన్లను వాడుకభాషలో అచ్చువేసి గ్రామసభలలో చదివించాలి. మన సంఘపు రచయితలు ఆ అనువాదాలకు పూనుకోవాలి. 'వెస్ట్' అన్న మాట కాగితంలో కనబడగానే ఎవరిలో, ఏ తేదీనుంచి, ఏ షరతుమీద అని రైతు గుమాస్తాను నిలదీసి అడగగలిగిన రోజున, ఆ క్రియను నేర్చుకున్నామని నేను ఒప్పుకుంటాను.