ఇచ్చిన తర్వాత ఆమె సంగతేమిటి?

కిడ్నీలు చెడిపోయిన మనిషికి మరొకరు కిడ్నీ ఇస్తే ప్రాణం నిలుస్తుంది. ఇందులో వాదన లేదు. ఇస్తున్నదెవరు, ఇచ్చాక వాళ్ళ బతుకెలా సాగుతోంది అన్నదే మన ప్రశ్న. 2019లో దేశంలో బతికుండగా అవయవాలిచ్చిన వాళ్ళలో 80 శాతం స్త్రీలు. 1995 నుంచి 2021 దాకా జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో స్త్రీలకు అందినవి 6,945 మాత్రమే. తల్లి ఇస్తుంది, భార్య ఇస్తుంది. దీన్ని త్యాగమని పొగిడి ఊరుకుందామా?

ఆరోగ్యవంతురాలు ఒక్క కిడ్నీతో మామూలుగానే బతకవచ్చునని డాక్టర్లు చెప్పేది నిజమే. అయితే దానికి షరతులున్నాయి. ఏడాదికోసారి బి.పి., మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగకూడదు. కిడ్నీ ఇచ్చాక గర్భవతులైన వాళ్ళలో 11 శాతం మందికి గర్భిణీ బి.పి. సమస్యలు వచ్చాయనీ, ఇవ్వనివాళ్ళలో అది 5 శాతమేననీ 2015లో కెనడా అధ్యయనం తేల్చింది. పిల్లలు కావాలనుకునే యువతులకు ఈ సంగతి ముందే చెప్పాలి కదా!

ఈ షరతులను జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కూలి స్త్రీ బతుకు పక్కన పెట్టి చూడండి. పత్తి, మిర్చి చేలల్లో రోజంతా వంగి నడుం పట్టేస్తే ఊళ్ళో చేతికందేది నొప్పి మాత్రే. భర్త మంచాన ఉన్న ఇంట్లో సంపాదించే చేతులు ఆమెవే. కిడ్నీ పొందిన మనిషి జీవితాంతం మందులు వాడాలి. ఇంటి ధ్యాసంతా అటే ఉంటుంది. ఆమె పరీక్ష మాత్రం ఏటేటా వచ్చే ఏటికి వాయిదా పడుతుంది. అవయవం ఇచ్చిన తన ఉద్యోగులకు కేంద్ర ప్రభుత్వం 2023లో 42 రోజుల ప్రత్యేక సెలవు ప్రకటించింది. కూలికి పోయే ఆమెకు ఆ 42 రోజుల కూలి ఎవరిస్తారు?

దాత స్త్రీ అయితే ఆమె స్వతంత్రంగా ఒప్పుకుందో లేదో, కిడ్నీ పొందే వ్యక్తి కాక వేరొకరి ద్వారా నిర్ధారించుకోవాలని 2014 కేంద్ర నియమాలు చెబుతున్నాయి. కేంద్ర చట్టాన్ని తెలంగాణకు వర్తింపజేయాలని 2025 మార్చిలో శాసనసభ తీర్మానించింది. మంచిదే. కానీ కాదంటే కాపురమే నిలవదనుకునే చోట సంతకం ఒక్కటే సమ్మతి అవుతుందా?

కాబట్టి మనం గట్టిగా అడగాల్సినవి ఇవి. సంతకానికి ముందు ఆమెతో ఒంటరిగా, ఆమె భాషలో మాట్లాడాలి. తండా స్త్రీ అయితే లంబాడీ భాషలోనే. ఏటా పరీక్షలు జిల్లా ఆసుపత్రిలోనే ఉచితంగా జరగాలి. కోలుకునే రోజుల కూలిని ప్రభుత్వమే చెల్లించాలి. అది కిడ్నీకి కట్టే వెల కాదు, ఆమె పోగొట్టుకున్న కూలి. మరణానంతర అవయవదానం కోసం 2013 నుంచి నడుస్తున్న జీవన్‌దాన్ పథకం పల్లెలకు చేరితే ఇంటి ఆడవాళ్ళపై ఒత్తిడి కొంతైనా తగ్గుతుంది.

మన సంఘాలు చేయగలిగిందీ ఉంది. ప్రతి మండలంలో కిడ్నీ ఇచ్చిన స్త్రీలెవరో తెలుసుకుందాం. చివరిసారి బి.పి. ఎప్పుడు చూపించుకున్నారో అడుగుదాం. ఇప్పటిదాకా ఆ మాట వాళ్ళను ఎవరు అడిగారు?