జటాయువు విగ్రహము క్రింద ఏమి వ్రాయవలెను?

తెల్లాపూరునుండి పటానుచెరువునకు పోవు బాటసారికి నేడు మృగదర్శనమునకు కొదువ లేదు. క్రొత్తగా వెలసిన నివాసవాటికల ద్వారములయొద్ద సింహములు జూలు విదిర్చి కూర్చుండును. గుఱ్ఱములు ముంగాళ్లెత్తి నిలుచును. ఏనుగులు తొండములెత్తి స్వాగతమిచ్చును. అన్నియు సిమెంటువి, లేదా ఫైబరువి. ఈ ప్రాంతమున సజీవముగా సంచరించు మృగముల సంగతి వేఱు. చిరుతపులి 2025లో పటానుచెరువు ఇక్రిశాటు ఆవరణమున బోనున చిక్కినది. ఆ సంవత్సరముననే మనకు కూతవేటు దూరమునందలి కంచ గచ్చిబౌలిలో, జింకలు నెమళ్లు తిరుగాడు 400 ఎకరముల నేలపై చెట్లను కూల్చుచుండగా, ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు పని నిలుపుమని ఉత్తరువు చేయవలసివచ్చెను. ద్వారముననున్న మృగమునకు దీపాలంకారము, కంచలోనున్న మృగమునకు యంత్రపు చప్పుడు! ఇది మన కాలపు వింత.

విగ్రహములు నిరర్థకములని మేము చెప్పబోము. సారనాథమునందలి సింహములను రాజ్యచిహ్నముగా గైకొన్న జాతి ఆ మాట యనజాలదు. అయితే అంతరించుచున్న ప్రాణులపట్ల జనులకు మేలుకొలుపు కలిగించుటకే కూడళ్లలో మృగవిగ్రహములు నిలుపుచున్నామని ఇటీవల పలువురు చెప్పుచున్నారు. మంచి మాటయే. మేము న్యాయవాదుల పద్ధతిలో ఒకే యొక ప్రశ్న వేయుచున్నాము: ఆ విగ్రహమును చూచి యింటికి పోయిన మనుష్యునకు, ఆ ప్రాణి యేల నశించుచున్నదో తెలిసినదా?

లేపాక్షికి పోయి చూడుడు. ఏకశిలానిర్మితమై 27 అడుగుల పొడవుగల బసవన్నకు సమీపముననే, పెద్ద బండపై ఱెక్కలు విప్పి జటాయువు నిలిచియున్నాడు. రావణునితో పోరి ఱెక్కలు తెగి పడిన పక్షిని శ్రీరాముడు "లే పక్షీ" యని పిలిచినాడనియు, అందువలననే ఆ యూరికి ఆ పేరు వచ్చినదనియు స్థలపురాణము. కేరళమున చడయమంగలము కొండపై 2018లో సందర్శకులకు తెఱచిన జటాయువింకను పెద్దవాడు. పొడవు 200 అడుగులు, వెడల్పు 150, ఎత్తు 70. అది స్త్రీరక్షణకు అంకితమైన విగ్రహము. ఆ యంకితము జటాయువునకు తగినదే. కాని ఆ జటాయువు ఏ జాతి పక్షి? రాబందు. ఆ జాతికి నేడేమి గతి పట్టినది?

1992 మొదలు 2007 వఱకు పదునైదేండ్లలో మన దేశమునందలి తెల్లవీపు రాబందులలో వేయింటికి ఒక్కటి మాత్రమే మిగిలినది. వేటకాండ్రు చంపలేదు, ఆకలి చంపలేదు. నొప్పులకై పశువులకు వేయు డైక్లోఫినాక్ అను మందు చంపినది. ఆ మందు పుచ్చుకొన్న కొలది దినములకే పశువు చచ్చినచో, ఆ కళేబరమును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి, లోని యవయవములపై తెల్లని పొర గట్టి, కొలది దినములలోనే ప్రాణము పోవును. నూటికొక్క కళేబరమున మందుండినను జాతి నాశనమునకు చాలునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఈ రహస్యము బయల్పడినది 2004లో. అంతవఱకు ఏదో అంటువ్యాధి యని యనుకొనుచుండిరి.

రాబందులు పోయిన చోట కళేబరములు క్రుళ్లినవి, ఊరకుక్కలు పెరిగినవి, నీరు చెడినది. 2000 మొదలు 2005 వఱకు ఇందువలన మన దేశమున అయిదు లక్షలమంది మనుష్యులు అదనముగా మరణించియుందురని 2024లో ఇద్దఱు అర్థశాస్త్రవేత్తలు అంచనా వేసిరి. తమ మృతులను పక్షుల కర్పించు పార్సీ సోదరుల ఆచారమునకు సైతము ఆటంకము కలిగినది.

శాసనము మేలుకొనలేదా? మేలుకొన్నది, మెల్లగా. పశువులకు ఈ మందును 2006లో నిషేధించిరి. వెంటనే వ్యాపారబుద్ధి సందు వెదకెను. మనుష్యులకని చేసిన 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాలు పశువుల కొట్టములకు చేరినవి. మనుష్యుల సూదిమందు 3 మిల్లీలీటర్లకు మించరాదని 2015లో కట్టడి చేసిరి. దానిపై వ్యాజ్యము నడువగా మద్రాసు హైకోర్టు 2017లో కట్టడినే సమర్థించినది. అట్లే విషములైన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ 2023లోగాని నిషిద్ధములు కాలేదు. మెలోక్సికామ్ అను మందు రాబందులకు హాని చేయదని యెన్నడో తేలినది. అది దొరకుచున్నది కూడ.

తెలంగాణమున కుమురం భీం జిల్లాలో, బెజ్జూరు అడవుల పాలరాపు గుట్టమీద 2013లో పొడుగుముక్కు రాబందులు గూళ్లుగట్టుట కానవచ్చెను. ఆ గుంపును నిలుపుకొనుటకు అటవీశాఖవారు శ్రమపడిరి. ఆ శ్రమకు దండము పెట్టవలసినదే. గుంపు మాత్రము తగ్గిపోయినది.

ఇచ్చట మా తప్పొకటి ఒప్పుకొనవలెను. వడ్డీవ్యాపారులను, భూములాక్రమించువారిని తిట్టవలసివచ్చినపుడెల్ల పత్రికలవారము "రాబందులు" అని వ్రాయుచుంటిమి. రాబందు బ్రతుకుటకు చచ్చినదాని కొఱకు వేచియుండును. మేము తిట్టినవారు బ్రతికియున్నవారినే పీక్కొని తినువారు. ఆ పక్షికి మేము క్షమాపణ బాకీపడియున్నాము.

విగ్రహము నోరు విప్పి పలుకుట ఎట్లో తెలియవలెనన్న, బెంగుళూరు లాల్‌బాగున 2024లో నిలిపిన ఏనుగులను తలచుకొనవలెను. నీలగిరుల చెంచువంటి గిరిజనులు, బెట్టకురుంబలు, పణియరులు, సోలిగులు, తాము ఎఱిగిన ఏనుగుల పోలికలనే యెత్తుగట్టి, లంటానా కాడలతో వానిని అల్లిరి. లంటానా యనగా మన రైతులు పులికంప యను ముండ్లపొద. దొరలు పూలకొఱకు తెచ్చినది. అడవులనాక్రమించి గడ్డిని మింగి ఏనుగు నోటి మేతను కాజేసినది. ఏనుగు మేతను చంపిన మొక్కతోనే ఏనుగును అల్లుట! ఆ విగ్రహమునకు ఉపన్యాసమక్కఱలేదు. ఏనుగులతో కలిసి బ్రదుకువారి చేతికి కూలియు దక్కినది. లండనునందు 2021లో, అమెరికాయందు 2024లో ఈ మందలను చూచినవారు నీలగిరుల పేరు తెలిసికొనిరి.

కావున మా మనవి యిది. పటానుచెరువు కూడలిలో ఒక రాబందును నిలుపుడు. మందుల కర్మాగారములతో బ్రదుకు ఈ పట్టణమునకు దానికంటె తగిన విగ్రహము లేదు. రాబందు వాలిన యిల్లు పాడుపెట్టవలెనని పెద్దలు అభ్యంతరము చెప్పుదురు. శ్రీరాముడు తండ్రికి వలె దహనసంస్కారము చేసిన పక్షి అపశకునమెట్లగునో వారే చెప్పవలెను. లేపాక్షి జటాయువు పాదములయొద్దను అట్టిదే యొక పలక పెట్టవచ్చును. ఆ పలకపై దాతల పేర్లు, ప్రారంభకుల పేర్లు వలదు. చంపిన మందు పేరు వ్రాయుడు, నిషేధించిన సంవత్సరము వ్రాయుడు, దానికి బదులు అడుగవలసిన మందు పేరు వ్రాయుడు. పశువైద్యుని యొద్దకు గేదెను తోలుకొనిపోవు రైతు చదువుకొనునట్లు పెద్ద తెలుగు అక్షరములలో, మనుష్యుని కంటి యెత్తున వ్రాయుడు.

శంకుస్థాపనకు ఎవరిని పిలుతమను చర్చ తరువాత చేయవచ్చును. పలక నమూనాను మా పఠనాలయమునందు ఈ వారమే అతికించుచున్నాము; తప్పులున్నచో పశువైద్యులు దిద్దవలెనని కోరుచున్నాము.