ఫొటోలో కొండ కూడా పడాలి

దెందులూరులో కొండెక్కాలంటే ముందు కొండని వెతుక్కోవాలి. ఒక పక్క హైవే, ఇంకో పక్క రైలు పట్టాలు, చుట్టూ వరిచేలు, కొల్లేరు వైపు దిగితే చేపల చెరువులు. నేలంతా చదునే. కాళ్ళకి నిజంగా పని చెప్పాలంటే గుంటుపల్లి పోవాల్సిందే. ఏలూరు నుంచి సుమారు 40 కిలోమీటర్లు. కామవరపుకోట దాకా బస్సు, అక్కణ్ణుంచి జీలకర్రగూడెం వైపు ఆటో. మెట్లెక్కితే క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటివని చెప్పే బౌద్ధ గుహలు, ఇటుక స్తూపాలు, చుట్టూ అడవి.

అంత దూరం వెళ్ళి మనవాళ్ళు తెచ్చే ఫొటోలు చూడండి. ముప్పాతిక మొహమే! చెవి పక్కన కాస్త రాయి, జుట్టు పైన కాస్త ఆకాశం. కింద లొకేషన్ ట్యాగ్ లేకపోతే అది గుంటుపల్లో, మేడ మీద వాటర్ ట్యాంకో చెప్పలేం. ఆదివారం పొద్దున్నే లేచి, బస్సు పట్టుకుని, చెమటోడ్చి ఎక్కిన కొండ ఫొటోలో లేకపోతే ఎలా?

తప్పు మీ మొహానిది కాదు, చేతి పొడవుది. చెయ్యి ఎంత చాపినా ఫోను మొహానికి రెండడుగుల లోపే ఉంటుంది. దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది చిన్నగా కనిపించడం కంటి లెక్క, లెన్స్ లెక్క కూడా అదే. అమెరికాలో 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, 5 అడుగుల నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే 12 అంగుళాల నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. ముక్కు పెరిగి కొండ తగ్గుతోందన్నమాట.

అందుకే ఫోనుని ఎక్కడో పెట్టి, మనం నడుచుకుంటూ వెళ్ళి ఫ్రేములో నిలబడాలి. ఇదేం కొత్త విద్య కాదు. 1839లో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కొర్నీలియస్ తన ఫొటో తానే తీసుకున్నది ఇలాగే: లెన్స్ మూత తీసి, వెళ్ళి కెమెరా ముందు కదలకుండా ఉన్నాడు. సెల్ఫీ స్టిక్ కథ ఇంకా సరదా. 1980ల్లో మినోల్టా కంపెనీ ఉద్యోగి హిరోషి ఉయెడా ప్యారిస్‌లో ఒక పిల్లాడికి కెమెరా ఇచ్చి ‘ఫొటో తియ్యి బాబూ’ అన్నాడట. పిల్లాడు కెమెరాతో పరుగో పరుగు! అప్పుడే ఆయనకి కర్ర ఆలోచన తట్టింది. 1995లో వచ్చిన ఒక పుస్తకం ఆ కర్రని పనికిరాని జపాన్ వింతల్లో ఒకటిగా చేర్చింది. ఇప్పుడు ప్రతి జాతరలోనూ అమ్ముతున్నారు.

మరి బ్యాగులో ఏం వేసుకోవాలి? మడిస్తే జానెడుండి, విప్పితే మూడు కాళ్ళమీద నిలబడే సెల్ఫీ స్టిక్ ఒకటి, దానితోపాటు వచ్చే బ్లూటూత్ రిమోట్. తేలికే, కాకపోతే ఆ తేలికే దాని జబ్బు కూడా. పైన ఫోను బరువు, కింద పుల్లల్లాంటి కాళ్ళు. గాలొస్తే స్క్రీన్ కార్డు పగిలి ఇంటికొస్తారు. మధ్య కడ్డీకి నీళ్ళ బాటిల్ వేలాడదీయండి, స్టాండు కుదురుగా ఉంటుంది.

గుంటుపల్లిలో ఇంకో సంగతుంది. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. అలాంటి చోట ట్రైపాడ్, స్టాండు వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. కాబట్టి అక్కడికి నేను చెప్పేది గుడ్డసంచి. అరచేతిలో పట్టే సంచిలో పావుకిలో పెసలు పోసి మూతి కుట్టేయండి. పెద్ద కెమెరాలవాళ్ళు బీన్ బ్యాగ్ అని డబ్బులు పోసి కొనేది దీన్నే. ఏ బండరాయి మీద పెట్టినా దాని ఒంపుకి సర్దుకుంటుంది, ఫోనుని మీకు కావాల్సిన వాలులో ఒడిసి పట్టుకుంటుంది. బరువు మొయ్యలేమంటే ఖాళీ సంచి తీసుకెళ్ళి మెట్ల కింద ఇసకో మట్టో నింపుకోండి. అన్నట్టు, ఏ బండరాయి అంటే మామూలు బండరాయి. స్తూపం ఇటుకలు కాదు. వాటి మీదెక్కి పోజులిచ్చేవాళ్ళకి ఈ కాలమ్‌లో చోటు లేదు.

అక్కడ తప్పక తీసుకోవాల్సింది గుండ్రటి చైత్యం దగ్గర. లోపల పైకప్పుని పూరింటి వాసాల్లా రాతిలోనే చెక్కారు, గుమ్మం పైన గుర్రపు నాడా ఆకారంలో తోరణం. సెల్ఫీలో ఇదేమీ పట్టదు. ఫోను బయట, కింద, వెనక కెమెరాతో. మీరు గుమ్మం దగ్గర. అప్పుడు తెలుస్తుంది ఆ తోరణం ముందు మనిషి ఎంతవాడో.

వెనక కెమెరా అయితే మనం మనకి కనిపించం కదా అంటారు. ముందు మీరు నిలబడే చోట బ్యాగు పెట్టండి. స్క్రీన్ మీద బ్యాగుని కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ అక్కడ లాక్ అవుతుంది. తర్వాత 10 సెకన్ల టైమర్. కంగారుగా పరిగెత్తి మెట్ల మీద జారకండి, పది సెకన్లు చాలకపోతే వీడియో ఆన్ చేసి తీరిగ్గా నడవండి. 4కే వీడియోలోంచి తీసిన ఒక్క ఫ్రేము 8 మెగాపిక్సెళ్ళు. ఇన్‌స్టాకి, స్టేటస్‌కి అదే ఎక్కువ. పైగా నడుస్తూ దొరికిన ఫ్రేములో మనిషి మనిషిలా ఉంటాడు, రెండు వేళ్ళు చూపిస్తూ బిగుసుకుపోడు.

కొండలు చాలనుకుంటే చలికాలంలో కొల్లేరు గట్లు ఉన్నాయి. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు, అదే పెలికాన్లు, గూళ్ళు కడతాయి. అక్కడ ఫోను గట్టు మీదే ఉండాలి, మీరూ గట్టు మీదే. పక్షి పెద్దగా పడాలని గూళ్ళ దగ్గరికి పోతే అవి లేచిపోతాయి, గుడ్లు ఎండకీ కాకులకీ మిగులుతాయి. సాయంత్రం సూర్యుడు మీ వెనక ఉంటే చాలు, మీరు నల్లటి నీడలా, పైన పక్షుల వరస. పడవలో మాత్రం స్టిక్ బయటికి తీయొద్దు. అందరూ ఫ్రేములో పడాలని ఒకే పక్కకి ఒరుగుతారు, పడవ కూడా అటే ఒరుగుతుంది.

ఇక దెందులూరు స్టేషన్ అవతల పట్టాల మధ్య ఫోను నిలబెట్టి ‘జర్నీ’ అని క్యాప్షన్ పెట్టే తమ్ముళ్ళకి ఒక్క మాట. అది హౌరా–చెన్నై మెయిన్ లైను. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద పట్టాల మీద అనుమతి లేకుండా తిరిగితే 6 నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. టైమర్ పది సెకన్లు మీకోసం ఆగుతుంది, కోరమాండల్ ఆగదు. ఆ పొలం గట్టు మీదికి రండి. పైరు పచ్చగా ఉన్నప్పుడు గట్టే మంచి బ్యాక్‌గ్రౌండ్.

పెసల సంచి సంగతి: ఇంటికెళ్ళాక కుట్టు విప్పి, కడిగి నానబోయండి. మర్నాడు పెసరట్టు. పై ఆదివారానికి మళ్ళీ పావుకిలో.